కారుకు పెట్టిన నలుగు

మా తాత కారులో కోళ్లు గుడ్లు పెట్టేవి. ఇది ఎవరో చెబితే విన్నది కాదు, నేను కళ్లారా చూసింది. జఫర్‌గఢ్ దగ్గరి మా ఊళ్లో, మా పెద్దల కోటలాంటి ఇల్లు, అదే గడి, దాని వెనుక పశువుల కొట్టంలో, చక్రాలు పోయి ఇటుకల మీద నిలబడ్డ తెల్ల కారు ఒకటి ఉండేది. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ పెద్దింట్లో పెళ్లి జరిగినా పెళ్లికూతురు దిగేది ఆ కారులోంచే. పెళ్లికొచ్చిన పెద్దమనుషులు దాని బానెట్ మీద ముఖం చూసుకుని తలరుమాలు సర్దుకునేవారని మా నాయిన చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేనాటికి భూములు పంపకాలకూ కోర్టులకూ పోయాయి. గడి ఒక పక్క కూలింది. కారు వెనుక సీట్లో, బయటికి పొడుచుకొచ్చిన స్ప్రింగుల మధ్య, గడ్డి పరుచుకుని కోళ్లు పొదిగేవి. గుడ్లు తెచ్చే పని నాది. తలుపు తెరిస్తే కిర్రుమనేది, లోపలి నుంచి పెంట వాసన కొట్టేది. ఆ వాసనలో కూడా నేను స్టీరింగ్ పట్టుకుని కాసేపు కూర్చునేవాణ్ణి.

ఊళ్లో మమ్మల్ని 'కోళ్ల కారోళ్లు' అనడం మొదలుపెట్టారు. మా ముందు అనేవారు కాదు. ముఖం మీదే అన్నది ఒక్కడు, మా అక్కను చేసుకున్న బావ. ఆయనది మహబూబాబాద్. మిర్చి వ్యాపారం, పొలాలు, వచ్చేపోయే జనం. ఏ శుభకార్యంలో కలిసినా నలుగురిలో నన్ను చూసి గట్టిగా పలకరించేవాడు.

"ఏం బామ్మర్ది, బస్సుల వచ్చినవా? కారుల కోళ్లు పొదుగుతున్నయా ఏంది?"

అందరూ నవ్వేవారు. బావకు బామ్మర్దిని ఆటపట్టించే హక్కు ఉంది, నవ్వి ఊరుకోవడం బామ్మర్ది మర్యాద. ఏళ్ల తరబడి నేనూ నవ్వాను. వెన్ను మాత్రం వంచలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకునే బస్సు దిగాను, ఇస్త్రీ చెడకుండానే బస్సెక్కాను.

నాకు జనగామలో ఉద్యోగం. మొన్నటి ఎండాకాలం కొత్త కారు కొన్నాను. రంగు గురించి ఆలోచించాల్సిన పనే లేకపోయింది. తెలుపు. షోరూం వాళ్లు అక్కడే పూజ చేయిస్తామన్నారు. వద్దన్నాను. మాతోనే ఉంటున్న మా పెద్దమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నేరుగా ఊరికి పోయాను. గడిలో ఇంకా నిలబడి ఉన్నది దర్వాజా ఒక్కటే. ఆ దర్వాజా ముందే కారు ఆపాను. పెద్దమ్మ బానెట్ మీద స్వస్తిక్ వేసింది. ఎండకు రాలిపోకుండా ఉండాలని కుంకుమను నువ్వుల నూనెలో కలిపి, వేలితో ఒత్తి ఒత్తి, ఇంటి గడపకు వేసినంత శ్రద్ధగా వేసింది. నిమ్మకాయలు తొక్కించాం. కొబ్బరికాయ కొట్టాం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పూజ చేసిన బండి మీది బొట్టును చేత్తో తుడవరు. అది వానకో గాలికో తనంతట తాను పోవాలి. తాత కారు నుంచి నాయిన మోటారు సైకిల్ దాకా అంతే. నేనూ అంతే అన్నాను. కారు కడిగినప్పుడల్లా బానెట్ మీద ఆ ముక్క వదిలేసి చుట్టూ కడిగాను. ఆ ఎండాకాలం వాన లేదు. జనగామ ఎండ సంగతి తెలిసిందే. ఆఫీసు ముందు చెట్టు లేని చోట బండి పొద్దంతా మాడింది. బొట్టు పోలేదు. ఎరుపు నల్లబడి అట్టకట్టింది.

అప్పుడే మా మేనకోడలి పెళ్లి కుదిరింది. అబ్బాయిది భూపాలపల్లి, బొగ్గు గనిలో ఇంజనీరు. పెళ్లి శ్రావణంలో, వాళ్ల కోరిక మీద భూపాలపల్లి ఫంక్షన్ హాల్లోనే. ముహూర్తం పెట్టుకున్న రోజే అమ్మాయి ఫోన్ చేసింది.

"మామా, నన్ను నీ కారుల్నే తోలుకపోవాలె. వేరే దాంట్ల నేనెక్క."

"నేను గాక ఇంకెవలు తోలుకపోతరు బిడ్డా?" అన్నాను.

మా వైపు పెళ్లికూతుర్ని మంటపానికి తీసుకొచ్చేది మేనమామే. తాత కారు పనిచేసిన రోజుల్లో ఆ పని ఆ కారు చేసింది. మళ్లీ మా ఇంటి తెల్ల కారులోంచి మా ఇంటి ఆడబిడ్డ బిడ్డ పెళ్లికూతురై దిగుతుందంటే, నాకు ఆ రాత్రి అన్నం ఎక్కువ పోయింది.

వారం తిరక్కముందే బావ పెళ్లి పనుల మీద జనగామ వచ్చాడు. గేటు తీస్తూనే బానెట్ చూసి ఆగిపోయాడు.

"గిదేంది బామ్మర్ది, నీ కారుకు గజ్జి లేచిందా?"

"బొట్టు బావా. పూజది. చెరపద్దు."

"బొట్టా! ఉండు జర చూస్త." నేను అడ్డగించేలోపు ఆయన భుజం మీది తువ్వాలు నీళ్లలో ముంచి ఒక్క తుడుపు తుడిచాడు. అట్టకట్టిన కుంకుమ ఊడొచ్చింది. దాని కింద తెల్లటి రంగులో గులాబీ రంగు స్వస్తిక్ ఇంకిపోయి ఉంది. ఇంకోసారి రుద్దాడు. కదల్లేదు. నూనె, ఎండ కలిసి ఆ ఎరుపును రంగు లోపలికి దించేశాయి. పక్కనే కొబ్బరినీళ్లు కారిన చోట నీళ్ల చారల్లాంటి మచ్చలు.

బావ నడుము పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆడపిల్ల తండ్రిగా మాట్లాడాడు.

"నవ్వులకు గాదు బామ్మర్ది. ఆళ్లు పెద్ద మంది. ఫోటోలు, వీడియోలు, డ్రోన్లు. గీ గులాబి మచ్చ ముందటేసుకొని నా బిడ్డె దిగుతదా? నేను ఎర్ర కారు ఒకటి కిరాయికి మాట్లాడిన. మచ్చ పోతే నీది ముందట. పోకుంటే ఎర్రది ముందట, నీది ఎనుక. సామాను తేవచ్చు." ఒక్క క్షణం ఆగాడు. ఊరుకోలేకపోయాడు. "కోళ్లను గూడ తేవచ్చు."

ఆయన తాగిన చాయ్ కప్పు లోపల పెట్టి వచ్చి, ఆ మచ్చ ముందు నిలబడ్డాను.

జనగామలో కార్లకు మెరుగు పెట్టే దుకాణానికి తీసుకుపోతే అతను మిషన్ చూపించాడు. తిరిగే చక్రం, దానికి స్పాంజి. "పోతది సార్. కని కొంచెం గట్టిగ పట్టాలె. రంగు మీద అద్దం లెక్క పలుచటి పూత ఉంటది. అది ఎక్కువ అరిగితె మళ్ల రాదు." గట్టిగా అన్న మాట నాకు నచ్చలేదు. నా కారు మీద ఇంకొకరు గట్టిగా పట్టడం అసలే నచ్చలేదు. కావాల్సిన సరుకులు అతని దగ్గరే కొనుక్కుని ఇంటికి వచ్చాను. చేత్తోనే చేయాలి, నేనే చేయాలి అని నిర్ణయించుకున్నాను.

ఒక్క అడ్డంకి మిగిలింది. దేవుని గుర్తును నా చేత్తో నేనే అరగదీయాలి. ఆ పద్ధతిని ఇన్నాళ్లు పట్టుకుని నిలబడ్డది నేనే. పెద్దమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని అడిగాను.

"పెద్దమ్మా, ఆ బొట్టు చెరపాలె. ఏమంటవ్?"

ఆమె తల ఎత్తలేదు. "నువ్వు పొద్దుగాల మొఖం కడుక్కుంటవా?"

"కడుక్కుంట."

"కడిగినంక బొట్టు పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట."

"మరి గట్లనే గదరా. కారుకు మొఖం కడుగు. బొట్టు నేను మళ్ల పెడుత." గింజ తీసి పక్కన పడేసింది. "నీ తాత కూడ కడిగిచ్చెటోడే. నీకెవలు చెప్పిండ్రు కడుగొద్దని?"

నాకు ఎవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మరునాడు తెల్లవారగానే రేకుల షెడ్డు కింద మొదలుపెట్టాను. ముందు దుమ్ము పోయేదాకా వట్టి నీళ్లు. తర్వాత షాంపూ నీళ్లు ఒక బకెట్‌లో, గుడ్డ జాడించుకునే నీళ్లు ఇంకో బకెట్‌లో. గుడ్డకు పట్టిన ఇసుక రేణువు మళ్లీ కారు మీదికి వెళ్తే సన్నటి గీతలు పడతాయి, అందుకే రెండు బకెట్లు. కడిగి తుడిచాక చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని పైన నిమిరితే గరుకు తెలిసింది. కంటికి కనపడని మట్టి, తారు చుక్కలు రంగుకు అతుక్కుని ఉన్నాయి. మెత్తటి ముద్ద ఒకటి దొరుకుతుంది, పిండిముద్ద లాంటిది. నీళ్లు చిలకరించి దాంతో మెల్లగా రుద్దితే అదంతా లాగేస్తుంది. చపాతీ పిండి పిసికినట్టు దాన్ని మడిచి మడిచి రుద్దుతూ తలుపుల దాకా వచ్చాను.

ఎదురింట్లో కిరాణా హోల్‌సేల్ వాళ్లుంటారు. షాపు తాళాలు చేతిలో పట్టుకుని బయటికొచ్చిన ఇల్లాలు రోడ్డు అవతలి నుంచే నిలబడి చూసింది.

"ఏందన్నా, కారుకు నలుగు పెడుతున్నవా?"

"పెండ్లి ఉన్నది చెల్లె."

"ఎవలది, కారుదా?" నవ్వుకుంటూ తాళాలు ఆడించింది. "మీ ఇంట్ల ఎన్కట కార్లు కడిగెటోళ్లే ఇరవై మంది ఉండెనట గద! ఇప్పుడు నువ్వే కడుగబడితివి."

"అప్పుడు కడిగిన కారు ఏమైందో నీకు తెల్వదా? అందుకే ఇది నేను కడుగుతున్న."

ఆమె నవ్వు ఆపి కారు వైపు చూసింది. "మంచిగనే మెరుస్తున్నది అన్నా," అని షాపుకు పోయింది.

ఇక అసలు పని. పాలిష్‌ను ముందు తలుపు కింద, ఎవరికీ కనపడని అంచున కొద్దిగా పెట్టి చూశాను. రంగు చెడలేదు. అప్పుడు బానెట్ దగ్గరికి వచ్చాను. వేలి కొసంత పాలిష్ స్పాంజి మీద పెట్టి, అరచేయంత చోటే తీసుకుని, గుండ్రంగా, బలం లేకుండా తిప్పాలి. ఆపి తుడవాలి. చూడాలి. మళ్లీ. చేతిలో బలం పెంచాలనిపించిన ప్రతిసారీ దుకాణంవాడి మాట గుర్తు చేసుకుని ఆగాను. మొదటి రోజు గులాబీ రంగు పలచబడినట్టు నాకు అనిపించింది. మా ఇంటామెను పిలిచి చూపిస్తే తల అడ్డంగా ఊపింది.

"నీకు పోయినట్టు కనబడుతున్నది. నాకు ఉన్నట్టే కనబడుతున్నది. రేపు కూడ రుద్దు."

మరునాడు రుద్దాను. ఆ తర్వాతా రుద్దాను. రోజూ ఆఫీసుకు పోయే ముందు కాసేపే. భుజం పట్టేసింది. కుడి చేయి పైకెత్తి దువ్వుకోవడం కష్టమైంది. ఒక సెలవు రోజు తొందరపడి షెడ్డు బయట, ఎండలోనే బానెట్ మీద మెరుపు కోసం వ్యాక్స్, అదే మైనం, పూశాను. నిమిషాల్లో అది తెల్లగా గట్టిపడి, సున్నం కొట్టిన గోడలా అయింది. ఎంత లాగినా రాలేదు. మళ్లీ నీడలోకి తెచ్చి, పాలిష్‌తోనే మెత్తబరిచి తీసేసరికి పొద్దు గడిచింది. కానీ ఆ తీయడంలోనే స్వస్తిక్ రెండు చేతులు మాయమయ్యాయి. మిగిలిన రెండూ ఆ తర్వాతి రోజుల్లో పోయాయి. చివరగా మిగిలింది మధ్యలో, పెద్దమ్మ వేలు గట్టిగా ఒత్తిన చోట, గోరంత గులాబీ చుక్క. దాన్ని తుడిచి, ఇంటామె ముందు నిలబడ్డాను. ఆమె వంగి చూసింది, పక్కకు పోయి చూసింది, ఫోన్ లైటు వేసి చూసింది.

"ఏడ ఉండె అది?" అంది.

అంతకంటే మంచి మాట నేను ఈ మధ్య వినలేదు.

ఆ సాయంత్రం చల్లబడ్డాక మైనం పెట్టాను. ఎక్కువ పెడితే ఎక్కువ మెరుస్తుందనుకుంటారు, కాదు. ఉన్నదో లేదో అన్నంత పలచగా రాసి, పొగమంచు పట్టినట్టు మసకబారేదాకా ఆగి, ఉతికిన మెత్తటి గుడ్డతో తీయాలి. గుడ్డ వెనకాలే మెరుపు వచ్చింది. బానెట్ పూర్తయ్యాక వంగి చూస్తే ముఖం కనబడింది. నాదే, కానీ వెలుగు అటుగా పడ్డప్పుడు నాయిన ముఖంలా ఉంది. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని చొక్కా కాలర్ సర్దుకున్నాను.

పెళ్లి ముందు రోజు పెద్దమ్మనూ ఇంటామెనూ తీసుకుని మహబూబాబాద్ చేరాను. బావ ఇంటి ముందు పందిరి కింద ఎర్ర కారు అప్పటికే ఉంది. పూలదండలు కూడా దానికే తెచ్చినట్టున్నారు, పక్కనే గంపలో ఉన్నాయి. బావ నా బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. ఒకవైపు నుంచి వంగి చూశాడు. ఇంకోవైపు వెళ్లాడు.

"ఏం ఎతుకుతున్నవ్ బావా?"

"గులాబి మచ్చ ఏడ బోయింది?"

"అత్తగారింటికి."

లోపలి నుంచి అక్క నవ్వు వినిపించింది. బావ నవ్వలేదు. "పొద్దుగాల వెలుతురుల చూద్దాం," అన్నాడు.

పొద్దుగాల వెలుతురు తక్కువ, తుంపర ఎక్కువ. పందిరి బయట నిలబెట్టిన నా కారు మీద వాన చుక్కలు పడుతున్నాయి. పడ్డవి పడ్డట్టు ముత్యాల్లా నిలబడి, కొంచెం బరువెక్కగానే గబగబా జారిపోతున్నాయి. తామరాకు మీద నీళ్లలాగా ఒక్కటీ అంటుకోవడం లేదు. పెళ్లికూతురు పసుపు చీరతోనే గడపలోకి వచ్చి చూసింది.

"బాపూ, జర చూడు. నీళ్లు ఉరుకుతున్నయ్!"

బావ చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత గంపలోని దండ తీసి తానే నా కారుకు కట్టాడు. కడుతూనే షరతు పెట్టాడు. "గిప్పటిదాక ఒప్పుకున్న. కని ములుగు దాటినంక బొగ్గు లారీలుంటయ్. వానల ఆ బురద మీద పడ్డదంటే తెల్లది నల్లగైతది. గప్పుడు నా బిడ్డె గా కారుల దిగది. ఎర్రది ఎనుకనే ఉంటది, బండి మారుతది."

"సరే," అన్నాను.

నర్సంపేట దాటాం, ములుగు దాటాం. పెద్దమ్మ నా పక్క సీట్లో, వెనుక అమ్మాయి, అక్క, మా ఇంటామె. ములుగు ఘనపూర్ దాటాక బావ చెప్పినట్టే జరిగింది. ఎదురుగా వచ్చిన లారీ గుంతలో దిగింది. నల్లటి నీళ్లు తెరలా లేచి అద్దం మీద, బానెట్ మీద, తలుపుల మీద పడ్డాయి. వైపర్ తిరిగితే అద్దం మీద బూడిద రంగు చారలు. దండలోని తెల్లపూలు నల్లబడ్డాయి.

"అయ్యో మామా!" అంది అమ్మాయి.

"ఏం కాదు బిడ్డా," అన్నాను. నీళ్లు దొరికే చోటు కోసం రోడ్డు పక్కలు చూస్తూ పోనిచ్చాను.

భూపాలపల్లి ఊరి మొదట్లో పంక్చర్ షాపు పక్కన బోరు, పైపు కనిపిస్తే ఆపాను. వెనకే ఎర్ర కారు ఆగింది. బావ దిగి గొడుగు తెరిచి నేరుగా వెనుక తలుపు దగ్గరికి వచ్చాడు.

"దిగు బిడ్డా. ఎర్ర దాంట్లకు రా."

"జర ఆగు బావా. ఒక్క బకెట్ నీళ్లు."

షాపతన్ని అడిగి పైపు తీసుకున్నాను. గుడ్డ ముట్టలేదు, రుద్దలేదు. పైనుంచి మెల్లగా నీళ్లు వదిలాను. కప్పు మీది నల్లటి బురద కదిలి, విడిపోయి, తలుపుల మీదుగా జారి, రోడ్డు మీద పడింది. దాని వెనకాల తెలుపు బయటపడింది. బానెట్ మీద పోశాను. అదీ అంతే. పాలమీగడలాంటి తెలుపు, మధ్యలో ఎక్కడా గులాబీ లేదు. పాడైన పూలు నాలుగు తెంపేశాను.

బావ ఎర్ర కారు డ్రైవర్ కూడా పైపు తీసుకుని తన బండి మీద పోశాడు. నీళ్లు పోయాయి, బొగ్గు చారలు అట్లనే నిలబడ్డాయి. గుడ్డతో తుడిస్తే ఇంకా అలుముకున్నాయి.

బావ గొడుగు కింద నిలబడి అటూ ఇటూ చూశాడు. అమ్మాయి కిటికీ అద్దం దించి, "బాపూ, నువ్వు వానల తడుస్తున్నవ్, పోయి నీ ఎర్ర దాంట్ల కూసో," అంది. ఆయన వెళ్లి కూర్చున్నాడు.

ఫంక్షన్ హాల్ ముందు బ్యాండు మోగుతోంది. ముందు నా కారే ఆగింది. నేను దిగి, నడుము నిటారుగా పెట్టుకుని, చుట్టూ తిరిగి వెనుక తలుపు తీశాను. మేనకోడలు నా చేయి పట్టుకుని దిగింది. ఫోటోవాళ్లు ఎగబడ్డారు. ఒకడు ఆమెను బానెట్ పక్కనే నిలబెట్టాడు, ఆమె చీర అంచు కారు మీద మెరిసింది. మగపెళ్లివారి పెద్దాయన ఒకరు, పెళ్లికొడుక్కి పెదనాన్న, దగ్గరికొచ్చి కారును చూసి బావను అడిగాడు.

"గింత వానల గింత తెల్లగెట్ల ఉన్నది? ఎవలది గీ కారు?"

నేను బావ ముఖం చూడలేదు. ఏం చెబుతాడో వినడానికి మాత్రం నిలబడ్డాను. ఇన్నేళ్లలో నలుగురి మధ్య మా కారు మాట వస్తే ఆయన నోట వచ్చింది ఒక్కటే, కోళ్ల మాట.

"మా బామ్మర్దిది," అన్నాడు బావ. గొంతు పెంచి, చుట్టూ ఉన్నవాళ్లకూ వినబడేలా అన్నాడు. "మా పిల్లకు మేనమామ. జఫర్‌గఢ్ తట్టు పెద్దిల్లు ఆళ్లది. ఆళ్ల తాత నాటి నుంచి పెండ్లిపిల్లను తెచ్చేది ఆళ్ల తెల్ల కారే."

పెద్దాయన నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ తర్వాత బుట్టలో కూర్చోబెట్టి మేనకోడల్ని మంటపానికి ఎత్తుకుపోయేటప్పుడు, పట్టేసిన నా భుజం నొప్పి అసలు తెలియలేదు.

సాయంత్రం అప్పగింతలు అయ్యాయి. వాన వెలిసింది. పెద్దమ్మ కుంకుమ భరిణె పట్టుకుని కారు దగ్గరికొచ్చింది. "మొఖం కడిగినవ్ గద, బొట్టు పెడుత అన్న," అంటూ వేలు ముంచి బానెట్ వైపు వంగింది. నేను అడ్డం పోబోయి ఆగాను. ఆమె నా ముఖం చూసి, చేయి పైకి జరిపి, ముందు అద్దం మూల మీద చిన్న చుక్క పెట్టింది. పొడి కుంకుమే, నూనె లేదు. "అద్దానికి ఏం కాదు గద?" అంది.

"ఏం కాదు పెద్దమ్మా."

ఎర్ర కారు సామాను దింపి ఎప్పుడో వెళ్లిపోయింది. అక్కకు, బావకు మహబూబాబాద్ తిరిగి పోవడానికి బండి లేదు. ఆయన నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డాడు. బిడ్డను పంపి వచ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బామ్మర్ది, జాగున్నదా?"

"ఎందుకు లేదు బావా? వెనుక సీట్ల కూసో." తలుపు నేనే తీసి పట్టుకున్నాను. ఆయన వంగి లోపలికి ఎక్కుతుంటే అన్నాను. "గుడ్డు మాత్రం పెట్టకు."

బావ సగం ఎక్కినవాడల్లా ఆగి, నా వైపు తిరిగి, ఏడ్చిన ముఖంతోనే పగలబడి నవ్వాడు. ములుగు ఘనపూర్ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.